రెండు కిలోల లోపు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరు ఏ మాట ఎత్తినా చివరికి ల్యాప్‌టాప్ దగ్గరికే వచ్చి ఆగేది. మా చెల్లెలు రిదాకు హైదరాబాదులో యానిమేషన్ కోర్సులో సీటొచ్చింది. బొమ్మలకు నడక నేర్పడం, కంప్యూటర్ ఆటలు తయారు చేయడం అక్కడి చదువు. కాలేజీవాళ్లు సీటిచ్చి ఊరుకోలేదు. మామూలు ల్యాప్‌టాప్ పనికిరాదు, విడిగా గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలన్నారు. హాస్టల్ నుంచి కాలేజీకి రెండు బస్సులు మారాలి కాబట్టి, అది రోజూ భుజాన వేసుకుని తిరగగలిగేదై ఉండాలి.

"ఆటలాడే మిషన్‌కు గంత ధరనా?" అని మొదటిరోజు మా అమ్మీ అజీజా ముక్కున వేలేసుకుంది. వారం తిరిగేసరికి ఆమే కూర తరుగుతూ, "ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చునంటవా?" అని నన్ను అడిగింది.

నేను మెట్‌పల్లిలో ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొడతాను. ధర చీటీ చదవడం నా పని, నమ్మకపోవడం నా స్వభావం. అందుకే ఈ ఎంపిక నా నెత్తిన పడింది. మా అబ్బా జహీర్ దుబాయిలో ఒక కంపెనీ బస్సు నడుపుతాడు, పనివాళ్ల క్యాంపులో ఉంటాడు. ఆ ఏడు సెలవు మీద వచ్చాడు, బక్రీద్ చేసుకుని తిరిగి పోవాలి. రిదా చదువు కోసం అరవై వేలు పక్కన పెట్టానని, దాని మీద రూపాయి కూడా అడగొద్దని ముందే చెప్పేశాడు.

అబ్బా, రిదా, నేను ముగ్గురం కరీంనగర్ పోయాం. బయట ఎండ మాడుస్తోంది, దుకాణంలో ఏసీ గజగజ వణికిస్తోంది. మా డబ్బులకు వచ్చేది చూపించమంటే, అమ్మేవాడు ఒక నల్లటిది తెచ్చి బల్ల మీద దించాడు. రిదా దాన్ని ఎత్తి చూసింది. దాని చార్జరే ఇటుకంత ఉంది. ఆన్ చేయగానే లోపలి ఫ్యాన్ పిండిగిర్నీలా మోగింది.

"గేమింగ్‌దంటే గట్లనే ఉంటది మేడం," అన్నాడు అమ్మేవాడు. "తేలికగ కావాలంటే గిది చూడుండ్రి."

అది వెండిరంగుది. పల్చగా, మూత మీద సన్నటి అడ్డగీతతో ఉంది. రిదా ఒక్క చేత్తో ఎత్తింది. ఎత్తి, దించడం మరిచిపోయింది. తెరమీద రంగులు రిదా ముఖం మీద పడుతున్నాయి. కావాల్సినవన్నీ ఉన్నాయి అందులో. ఎనిమిది జీబీ కార్డు, సగం రోజు నిలిచే బ్యాటరీ. ధర మాత్రం మా డబ్బులకు రెండింతలు దాటింది. అబ్బా చీటీ చూసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మళ్లీ ఆ మిషన్ వైపు చూడలేదు.

తిరుగు బస్సులో జగిత్యాల దాటాక అబ్బా అన్నాడు. "ఇర్షాద్‌ను అడుగుదాం. వాడు పండుగకు వస్తుండు గద. అక్కడ జర సస్తగ దొరుకుతయి."

ఇర్షాద్ మా వెనక వీధివాడు. అతనూ దుబాయిలోనే పనిచేస్తాడు, ఏం పనో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. పోయిన మూడేళ్లలో ఇంటి మీద రెండంతస్తులు లేపాడు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. దుబాయి నుంచి వచ్చేవాడు పదిమంది సామాను తెస్తాడు, పోయేవాడు పదిమందిది తీసుకుపోతాడు. కిరాయి లేదు, కాదనడం లేదు. తొక్కులు, పొడులు, పుట్టిన బిడ్డ ఫోటో, ఏదైనా సరే పాత గుడ్డలో పెట్టి దబ్బనంతో కుట్టేస్తారు. కుట్టిన మూట అమానత్, అంటే నమ్మి అప్పగించిన సొత్తు. మోసేవాడు దాన్ని విప్పకూడదు, లోపల ఏముందని అడగకూడదు. అడిగితే ఆ ఇంటి నిజాయితీని అనుమానించినట్టే. మా వీధిలో సగం మూటలు కుట్టేది అమ్మీయే, మోసేది మా అబ్బానే. ఇన్నేళ్లలో ఒక్కటి విప్పి ఎరగడు. పక్కింటి రామవ్వ షార్జాలో ఉన్న కొడుక్కి పొడులు పంపినప్పుడల్లా, "జహీర్ చేతికిచ్చిననంటే నా కొడుకు నోట్లె పెట్టినట్టే," అంటుంది. ఆ మాట విన్న రోజు అబ్బా రెండు ముద్దలు ఎక్కువ తింటాడు.

వీడియో కాల్‌లో ఇర్షాద్ నవ్వుతూ వినయంగా మాట్లాడాడు. "గదెంత పని చాచా! మాడల్ పేరు పంపుండ్రి. చేతిసంచిల పెట్టుకొని రావాలె గద, రెండు కిలోల లోపుదే చూడుండ్రి. నా లీవు లంబాగ ఉన్నది, ఇప్పట్ల తిరిగి పోను. మీరు పోయేటప్పుడు మా రూమోళ్లకు చిన్న మూట పట్టుకపోతే సాలు."

"ఒక్కటేంది బేటా, రెండియ్యి," అన్నాడు అబ్బా.

ఆ మే నెలంతా నేనూ రిదా కూలర్ ముందు కూర్చుని ఫోన్‌లో ల్యాప్‌టాపులు జల్లెడ పట్టాం. బరువు దిగితే ధర ఎక్కుతుంది. ధర దిగితే బ్యాటరీ పడిపోతుంది. చివరికి రెండు కిలోల లోపు, అరవై వేల లోపు ఒకటే మిగిలింది. ప్లాస్టిక్ ఒళ్లు, నాలుగు జీబీ కార్డు, పాలిపోయిన తెర. "సాలు ఆపా, నేను దీన్తోనే చేస్త," అంది రిదా. ఆ మాట అన్నందుకు అక్కగా నాకు చెల్లెల్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది. అప్పటికి నాకు పేరు చూడకుండా మూత చూసి ధర చెప్పేంత అనుభవం వచ్చేసింది. మంచిదో చెడ్డదో, ఆ అనుభవం మమ్మల్ని వదల్లేదు.

బక్రీద్‌కు ముందు ఇర్షాద్ వచ్చాడు. అత్తరు వాసన అతనికంటే ముందు మా ఇంట్లోకి వచ్చింది. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి రిదా చేతిలో పెట్టాడు. "డబ్బా బరువని అక్కడనే పారేసిన."

వెండిరంగుది. మూత మీద సన్నటి అడ్డగీత.

రిదా నా వైపు చూసింది, నేను రిదా వైపు చూశాను. అబ్బా ముఖంలో సంతోషం తప్ప ఇంకేం లేదు. కరీంనగర్‌లో ఆయన ధర చీటీ చూశాడే గాని మిషన్‌ను చూడలేదు.

"ఇర్షాద్ భాయ్, మేం చెప్పింది గిది కాదు గద?" అన్నాను.

"మీరు చెప్పింది అయిపోయిందట చెల్లె. ఇది ఆఫర్ల దొరికింది. అదే ధర."

"బిల్లు ఉన్నదా?"

"బిల్లుతోని ఏం పని? నేను లేనా?" నవ్వాడు. నవ్వుతూనే నా ముఖం వైపు కొంచెం ఎక్కువసేపు చూశాడు. మాట్లాడుకున్న డబ్బులే లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, అమ్మీ ఇచ్చిన సేమ్యా తిని వెళ్లాడు.

రిదా ఆ మధ్యాహ్నం దాన్ని తెరిచింది. ఒక గుర్రం బొమ్మను పరుగెత్తించి చూసింది. ఎంత చక్కగా పరుగెత్తిందో! నాకూ ముచ్చటేసింది. కాసేపటికి తనే మూత వేసేసి, "ఆపా, గిన్ని పైసలు ఆయన ఎందుకు పెట్టిండు?" అని అడిగింది. నాకు భయం మొదలైంది అప్పుడే.

మూట అబ్బా ప్రయాణానికి రెండు రోజుల ముందు వచ్చింది. కుట్టి మరీ తెచ్చాడు ఇర్షాద్. నీలం నైలాన్ దారం, దగ్గర దగ్గరగా బిగించిన కుట్లు.

"నేను లేనా కుట్టనీకె?" అంది అమ్మీ నొచ్చుకుని.

"మీకెందుకు తక్లీఫ్ అనుకున్న చాచీ. మురుకులు, కారప్పొడి, గంతే."

అడగకుండానే లోపల ఏముందో చెప్పిన మనిషిని మా వీధిలో నేను అదే మొదటిసారి చూడటం.

అబ్బా కొక్కెం తూకానికి సంచి తగిలించాడు. బరువు ఎక్కువైంది. ఆయన ఏం ఆలోచించలేదు. అమ్మీ పెట్టిన మామిడికాయ తొక్కు సీసా తీసి పక్కన పెట్టాడు. తన దుప్పటి కూడా తీశాడు. ఇర్షాద్ మూట మాత్రం సంచిలోనే ఉంది.

నాకు ఆగలేదు. "అబ్బా, దాన్ని ఒక్కసారి విప్పి చూద్దాం."

ఆయన చేతులు ఆగిపోయాయి.

"ఆ ల్యాప్‌టాప్ కరీంనగర్ల చూసిందే అబ్బా. మనం ఇచ్చిన పైసలకు రెండింతలు మీదనే. ఎవడన్నా ఊకెనే ఇస్తడా? మూటల ఏదన్న పెట్టింది దుబాయిల దొరికితే ఏం చేస్తరో నీకు తెల్వదా?"

"యుమ్నా." అబ్బా నన్ను పేరు పెట్టి పిలిస్తే కోపమొచ్చినట్టు. "గా పిల్లగాడు నీ చెల్లె చదువుకని నష్టపోయి ఇచ్చిండు. నువ్వు చెప్పే షుక్రియా గిదా? ల్యాప్‌టాప్ అయితే కావాలె, మూట వద్దా? అమానత్ల చెయ్యి పెట్టిననాడు ఈ వీధిల నేను తలెత్తుకొని తిరగను. ఇగ ఆ మాట ఎత్తకు."

అమ్మీ తొక్కు సీసాను తీసుకుపోయి లోపల పెట్టింది.

మర్నాడు శుక్రవారం. అబ్బా జుమ్మా నమాజుకు మసీదుకు పోయాడు. ఆయన చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగాక అమ్మీ లేచి దబ్బనం తెచ్చుకుంది. "తలుపు గొళ్లెం పెట్టు," అంది నాతో.

ఆమె దారం తెంపలేదు. ముడి విప్పి, కుట్టు తర్వాత కుట్టు వెనక్కి లాగింది. మురుకులు నిజంగానే ఉన్నాయి. కారప్పొడి సంచిలో చెయ్యి పెట్టి తడిమి, లోపలి నుంచి ఇంకో సంచి తీసింది. దాని నిండా మందుగోలీల పట్టీలు. ఒక్కదాని మీదా పేరు లేదు. బ్లేడుతో గీకేశారు. మా ముగ్గురికీ కళ్లలో నీళ్లు కారుతున్నాయి. కారం ఘాటు కొంత, భయం కొంత.

"పోలీసులకు చెప్దాం," అంది రిదా.

"చెప్తే మొదట ఎవర్ని గుంజుతరు? టికెట్ ఎవని పేరు మీద ఉన్నది?" అంది అమ్మీ.

"అబ్బాకన్నా చెప్దాం."

"మీ అబ్బాకు దాచనీకె వస్తదా? ఇప్పుడే ఇర్షాద్ కాలర్ వట్టుకుంటడు. వాని వెనక ఎవరెవరున్నరో మనకేం తెలుసు? అక్కడ మంచిగ దిగనియ్యి. నేను నిదానంగ చెప్త."

గోలీలు తీసిన చోట అమ్మీ మా ఇంటి కారం పోసింది. కొక్కెం తూకానికి తగిలించి బరువు సరిచూసింది. అవే రంధ్రాల్లోంచి అదే దారంతో మళ్లీ కుట్టింది. చివర దారం చాలలేదు. అమ్మీ రిదా పాత స్కూలు లంగా అంచు నుంచి నీలం దారం తీసి చివరి కుట్టు వేసింది. కొంచెం ముదురు నీలం. తెలిసిన మనిషి తప్ప ఎవరూ పట్టుకోలేరు.

అబ్బాను సాగనంపడానికి ఇర్షాద్ బస్టాండుకు వచ్చాడు. సంచి తానే అందుకుని, బస్సులో పెడుతూ, సగం తెరిచున్న జిప్పులోంచి మూటను ఒకసారి వేలితో తడిమాడు. చివరి కుట్టు దగ్గర అతని బొటనవేలు ఆగిందా, లేక నాకు అలా తోచిందా, ఇప్పటికీ చెప్పలేను. "అల్లా హాఫిజ్ చాచా," అన్నాడు. అబ్బా అతన్ని కౌగిలించుకున్నాడు.

మర్నాడు అబ్బా ఫోన్ చేశాడు. పకపకా నవ్వుతున్నాడు.

"అజీజా, ఎయిర్‌పోర్టుల ఆపిండ్రు నన్ను! నా సంచి ఒక్కటే పక్కకు పెట్టిండ్రు. మూట సర్రున కోసిండ్రు. ఒకడు కారంల మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపిండు. కలిపి కలిపి ఒక్క తీరుగ తుమ్ముడు! ఏం లేదు పో అన్నరు. యుమ్నాకు చెప్పు, వింటుందా? ఊకె అనుమానపడె గద. అమానత్ మోసేటోన్ని అల్లానే కాపాడుతడని చెప్పు."

అమ్మీ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. "చెప్త," అంది. "సునోజీ, ఆ మూట..."

"రూమోళ్లకు ఇచ్చేసిన, ఫికర్ చెయ్యకు. కోసిండ్రని చెప్పి మాఫీ అడిగిన. మంచోళ్లు, ఏమనలే. బాలెన్స్ అయిపోతుంది, ఉంట."

ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు ఏడ్చింది. మనిషి బతికి బయటపడ్డాడన్న సంతోషంతో ఏడ్చింది. గోలీల సంచి ఇంకా మా బియ్యం డబ్బాలోనే ఉంది. పారేస్తే ఇర్షాద్ అడిగినప్పుడు ఏం చెప్పాలి? ఉంచుకుంటే ఇల్లు ఏం కావాలి? బియ్యం తీసిన ప్రతిసారీ నేను వీధి తలుపు వైపు చూసేదాన్ని.

తొలకరి పడ్డ రోజు సాయంత్రం ఇర్షాద్ వచ్చాడు. గడపలో చెప్పులు విప్పి, సలాం చేసి, అడిగి మరీ చాయ్ తాగాడు. తాగుతూ మెల్లగా అన్నాడు, "చాచీ, మా రూమోళ్లు ఫోన్ చేసిండ్రు. కారం ఎక్కువ వచ్చిందట. మా ఇంటి కారం గంత ఎర్రగ ఉండదు అంటున్నరు."

రిదా గోడకు అతుక్కుపోయింది. అమ్మీ లేచి లోపలికి పోయింది. ఒక చేతిలో బియ్యప్పిండి అంటిన సంచీ, ఇంకో చేతిలో ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. రెండూ అతని ముందు పెట్టింది.

"నీవి రెండూ నువ్వు తీస్కపో బేటా. మా పైసలు కూడ వద్దు. నేను ఎవరికి చెప్పలే, చెప్పను. మమ్ముల ఇడ్సిపెట్టు."

చదువుకుని, ధరలు తెలిసి, నోరున్న నేను మాటరాక నిలబడ్డాను. ఆమె మాత్రం కళ్లు దించలేదు. ఆ రోజు మా అమ్మీని చూసి నాకు గర్వంగా అనిపించింది.

ఇర్షాద్ గోలీల సంచి తీసుకుని చొక్కా లోపల దోపుకున్నాడు. ల్యాప్‌టాప్‌ను రెండు వేళ్లతో మా వైపు జరిపాడు.

"ఇచ్చింది వాపస్ తీసుకుంటరా చాచీ? చెల్లె చదువుకోవాలె." లేచి చెప్పులేసుకున్నాడు. "చాచా అక్కడనే ఉన్నడు గద. ఒక్కడే క్యాంపుల ఎందుకు ఉండుడు, పెద్ద మనిషి. మావోళ్లకు చెప్పిన, జర చూసుకోండ్రని."

అతను వెళ్లాక అమ్మీ వెంటనే ఫోన్ కలిపింది. అబ్బా డ్యూటీలో ఉన్నాడు, తీయలేదు. తర్వాత రెండు రోజులు మెసేజీలు మాత్రమే పంపాడు. బిజీగా ఉన్నాను, ఆదివారం సెలవు, మాట్లాడతాను అని. అమ్మీ ఆ రెండు రోజులూ చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది. అన్నం వారుస్తూ పెదవులు కదిలించేది. ఉన్నదంతా చెప్పేసి, ఉద్యోగం పోతే పోయింది, వెంటనే ఇంటికి వచ్చెయ్యమని చెప్పాలి. మేం ముగ్గురం కలిసి తేల్చుకున్నది అది.

ఆదివారం పొద్దున అబ్బానే వీడియో కాల్ చేశాడు. అమ్మీ ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. నేనూ రిదా చెరోపక్క కూర్చున్నాం. అబ్బా తల వెనక క్యాంపు ఇనుప మంచాలు లేవు. కొత్తగా సున్నం వేసిన గోడ, పెద్ద టీవీ ఉన్నాయి.

"సునోజీ, మీకొక మాట చెప్పాలె," అంది అమ్మీ. "ఇర్షాద్ ఇచ్చిన ఆ మూట..."

"గదే చెప్దామనుకుంటున్న!" అబ్బా ముఖం వెలిగిపోతోంది. "ఇర్షాద్ రూమోళ్లు క్యాంపుకొచ్చి నన్ను తీస్కచ్చిండ్రు. కిరాయి వద్దన్నరు. నా పాస్‌పోర్టు కూడ వాళ్ల లాకర్లనే పెట్టిండ్రు, భద్రంగ. వచ్చే నెల లీవుకు పోయి రా చాచా, టికెట్ మేమే ఇస్తం అంటున్నరు. చూసినవా, నిజాయితీగ ఉంటే..."

ఎవరిదో చెయ్యి వచ్చి ఆయన భుజం మీద పడింది. చెయ్యి మాత్రమే కనిపించింది, మనిషి ముఖం తెర బయటే ఉంది.

"ఇంటి నుంచేనా చాచా?" అంది ఒక గొంతు, చాలా మర్యాదగా. "చాచీకి సలాం చెప్పుండ్రి. ఏమో చెప్తున్నరు గద, చెప్పనియ్యండ్రి. మేం కూడ వింటం."

అబ్బా నవ్వుతూ ఫోన్ కొంచెం దూరం జరిపాడు, అందరికీ వినపడేలా. "వింటున్నవా? సలాం అంటున్నరు. చెప్పు, మూట గురించి ఏమో అంటివి?"

అమ్మీ తెరమీద ఆ చేతిని చూసింది. అది ఆయన భుజం మీద నుంచి కదల్లేదు. రిదా నా మోచేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది. కూడబలుక్కున్న మాటలన్నీ అమ్మీ గొంతుదాకా వచ్చి తిరిగి లోపలికి పోవడం నాకు కనిపించింది.

"ఏం లేదు," అంది. "మూట మంచిగ చేరింది గద, గదే అడుగుదామని."

"మంచిగ చేరింది. మరి రిదా ల్యాప్‌టాప్? మంచిగ నడుస్తుందా?"

అది అలమర మీద ఉంది, మూత వేసి. ఇర్షాద్ వచ్చిపోయినప్పటి నుంచి మేమెవరం దాన్ని ముట్టుకోలేదు.

"మంచిగనే నడుస్తుంది," అంది అమ్మీ.